18వ శతాబ్దపు శాస్త్రవేత్తలు: ఒక్కొక్కరికి ఇన్ని పనులా, లేక అన్నీ పైపైనేనా?

సత్తిబాబు_సందేహం:
ప్రీస్ట్లీ అంటే ఆక్సిజన్, ఫ్రాంక్లిన్ అంటే గాలిపటం, జెన్నర్ అంటే మశూచి టీకా. బడి పుస్తకాల్లో మనిషికో మేకు కొట్టి తగిలించేశారు. తీరా చూస్తే ప్రీస్ట్లీ ఆక్సిజన్ జోలికి వెళ్లకముందే 1767లో విద్యుత్తు చరిత్ర మీద లావుపాటి పుస్తకం రాశాడు, 1772లో సోడానీళ్లు తయారుచేసే పద్ధతి అచ్చువేశాడు. వృత్తేమో చర్చిలో బోధ. జెన్నర్ 1788లోనే కోకిల జాతి పక్షి మీద వ్యాసం రాశాడు: పరాయి గూట్లో పుట్టిన పిల్ల మిగతా పిల్లల్ని వీపు మీదికెత్తి బయటికి తోసేస్తుందని. హేల్స్ అనే ఇంకో చర్చి ఆయన గుర్రం రక్తపోటు, పొద్దుతిరుగుడు చెమట, ఓడల్లో గాలి ఆడే యంత్రాలు అన్నీ చూసుకున్నాడు. నా అనుమానం ఏంటంటే, ఖాళీ పొలంలో ఎక్కడ గునపం వేసినా లంకెబిందే తగిలినట్టు, అప్పట్లో ఏది ముట్టుకున్నా కొత్తదే కదా. నిజంగా లోతుందా, ఊరికే అన్నిట్లో వేలు పెట్టారా?

అరసున్న:
ప్రశ్న అడుగుతూనే తీర్పు కూడా చెప్పేశారు.

నీటితొట్టె:
ఖాళీ పొలం మాట సగమే నిజం. అసలు కారణం పనిముట్లు. ఆ రోజుల్లో గాజు గొట్టాలు, పాదరసం, నీటి తొట్టె, థర్మామీటరు, తక్కెడ, గాలి పంపు, విద్యుత్తు పుట్టించే రుద్దుడు యంత్రం ఉంటే చాలు, ఏ శాఖలోకైనా దూరొచ్చు. మనం భౌతికం, రసాయనం, జీవం అని గోడలు కట్టుకున్నాం. వాళ్లకి అవన్నీ ఒకే బల్ల మీది సామాను.

హేల్స్‌నే తీసుకోండి. మొక్క కొమ్మకి గాజు గొట్టం అతికించి లోపలి ద్రవం ఎంత ఎత్తుకు ఎక్కుతుందో కొలిచాడు (ఆ పుస్తకం 1727లో వచ్చింది). అంతకుముందే అలాంటి గొట్టాన్నే గుర్రం తొడ ధమనికి పెట్టి చూశాడు. ఆడగుర్రాన్ని వెల్లకిలా కట్టేసి, అంగుళంలో ఆరో వంతు రంధ్రం ఉన్న ఇత్తడి గొట్టం ధమనిలోకి దించి, దానికి 9 అడుగుల గాజు గొట్టం తగిలించాడు. రక్తం గుండె మట్టం నుంచి 8 అడుగుల 3 అంగుళాలు ఎగబాకింది. ఇప్పటి లెక్కలో దాదాపు 190 మిల్లీమీటర్ల పాదరసం. ఆ ప్రాణి బెదిరిపోయి గింజుకుంటోంది కాబట్టి అంత రావడంలో వింత లేదు. ఈ ప్రయోగాల పుస్తకం 1733లో అచ్చయింది. కొమ్మా, గుర్రమూ ఆయనకి ఒకటే లెక్క: గొట్టాల్లో ద్రవం ఎంత ఒత్తిడితో కదులుతోంది? దీన్ని రెండు శాఖలని మనం అంటున్నాం, ఆయన అనలేదు.

తక్కెడ:
9 అడుగుల గొట్టంలో చిక్కు ఏంటంటే రక్తం గడ్డకడుతుంది. గొట్టం పొడవైన కొద్దీ లోపల నిలిచిన రక్తం ఎక్కువ, మధ్యలో ఆగిపోతే అంకె తప్పు. జంతువు కదిలితే గాజు పుటుక్కుమంటుంది. అందుకే హేల్స్ ఇంకో ప్రయోగంలో ఇత్తడికీ గాజుకీ మధ్య బాతు శ్వాసనాళం పెట్టాడు, అది వంగుతుంది కనుక. 1828లో పాయిసై అనే ఫ్రెంచి వైద్యుడు పాదరసం గొట్టం వాడి ఎత్తు తగ్గించాడు, రక్తం గడ్డకట్టకుండా పొటాషియం కార్బొనేట్ ద్రావణం పెట్టాడు. అంటే హేల్స్ తర్వాత తొంభై ఏళ్లకి పైగా ఎవరూ దీన్ని గట్టిగా ముందుకు తీసుకెళ్లలేదు. ‘పైపైన’ అన్న సత్తిబాబు గారి మాటకి ఇక్కడ కొంత బలం ఉంది: ఒకసారి కొలిచి, రాసి, వేరే పనికి వెళ్లిపోయాడు.

అరసున్న:
ఆయన వాడింది పెద్దబాతు శ్వాసనాళం. మామూలు బాతుది అంత బారు ఉండదు.

సత్తిబాబు_సందేహం:
బాతు సవరణ బాగుంది. కానీ పనిముట్లు ఒకటే అయినంత మాత్రాన లోతు రాదుగా? ప్రీస్ట్లీ ఆక్సిజన్ పట్టుకుని కూడా అదేంటో తెలుసుకోలేకపోయాడు.

నీటితొట్టె:
ఆయన ఏం చేశాడో దశలవారీగా చూస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

1774 ఆగస్టు 1. గాజు పాత్ర నిండా పాదరసం పోసి, పాదరసం తొట్టెలోనే బోర్లించాడు. లోపలికి ఎర్ర పాదరసభస్మం (పాదరసాన్ని గాలిలో వేడిచేస్తే వచ్చే ఎర్ర పొడి) పంపాడు. అది పాదరసం కన్నా తేలిక కాబట్టి పైకి తేలి పాత్ర నెత్తిన చేరుతుంది. 12 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల నాభ్యంతరం ఉన్న భూతద్దంతో ఎండని దాని మీదికి మళ్లించాడు. వాయువు పుట్టిన కొద్దీ పాదరసం కిందికి దిగుతుంది. బయటి గాలి కలవడానికి దారే లేదు, నిప్పుల పొగ కలిసిందనే అనుమానం లేదు. నీటి తొట్టె బదులు పాదరసం తొట్టె వాడటం ఆయన పెద్ద బలం. అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ లాంటివి నీళ్లలో కరిగిపోయి కంటికి కనబడకుండానే పోతాయి, పాదరసం మీద నిలుస్తాయి.

తర్వాతి మెట్టు దగ్గర జారాడు, ఎందుకు జారాడో కూడా తెలుసు. గాలి ‘మంచితనం’ కొలవడానికి ఆయన పద్ధతి ఇది: రెండు కొలతల గాలికి ఒక కొలత నైట్రిక్ ఆక్సైడ్ కలపడం. ఎర్ర పొగ లేచి నీళ్లలో కరుగుతుంది. మూడు కొలతలు కలిపితే మామూలు గాలికి దాదాపు 1.8 మిగులుతుంది. కొత్త వాయువుకీ సుమారు అంతే తగ్గింది. అందుకని 1775 మార్చి మొదట్లో ఇది మామూలు గాలే అనుకున్నాడు. తప్పెక్కడంటే, కలిపిన నైట్రిక్ ఆక్సైడే అయిపోయింది, కొత్త వాయువు ఇంకా బోలెడు మిగిలే ఉంది. మిగిలినదాంట్లో కొవ్వొత్తి పెడితే భగ్గున వెలిగింది. మామూలు గాలైతే ఆ పరీక్ష తర్వాత దీపం ఆరిపోవాలి. అప్పుడు ఇంకొంచెం, ఇంకొంచెం కలుపుతూ పోతే తగ్గుతూనే పోయింది. ఆ నెలలోనే ఎలుకని పెట్టి చూస్తే, మామూలు గాలిలో పావుగంట బతకాల్సింది అరగంట ఉండి, బయటికి తీశాక తేరుకుంది.

తక్కెడ:
ఇంత చేసి చివరికి దానికి పెట్టిన పేరు ‘ఫ్లాజిస్టన్ తీసేసిన గాలి’. వస్తువు కాలితే ఫ్లాజిస్టన్ అనే సరుకు బయటికి పోతుందని నమ్మాడు, చచ్చేదాకా వదల్లేదు. ఫ్రెంచి రసాయనవేత్త లవోసియే అదే ఎర్ర భస్మంతో ఏం చేశాడో చూడండి. 4 ఔన్సుల పాదరసం, 50 ఘనపు అంగుళాల గాలి, 12 రోజులు ఏకధాటిగా వేడి. గాలి 42, 43 అంగుళాలకి తగ్గింది. పాదరసం మీద 45 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే పాతకాలపు చిన్న తూకం) ఎర్ర భస్మం తేరింది. దాన్ని విడిగా గట్టిగా వేడిచేస్తే 41½ గ్రెయిన్ల పాదరసం, 7 నుంచి 8 ఘనపు అంగుళాల వాయువు తిరిగొచ్చాయి. పోయినంత వచ్చింది. ఖాతా మూసేశాడు. ఆయన పన్నులు వసూలుచేసే కంపెనీలో వాటాదారు కదా, జమాఖర్చు బుర్ర. (ఆ వాటాయే 1794 మే 8న తల తీయించింది, అది వేరే కథ.)

12 రోజులు ఎందుకంటే, పాదరసాన్ని దాని మరుగు స్థానానికి దగ్గరగా, మితిమీరకుండా ఉంచాలి. వేడి తగ్గితే భస్మం ఏర్పడదు, పెరిగితే ఏర్పడింది మళ్లీ విడిపోతుంది. రెండో రోజు నుంచి ఎర్ర రేణువులు కనబడ్డాయి, కొన్ని రోజులు పెరిగి ఆగిపోయాయి. ఇక పెరగవని ఖాయం చేసుకోవడానికే మిగతా రోజులు.

లేడెన్‌జాడీ:
లవోసియే కూడా ‘ఒకే పని’ మనిషి కాదు. 1775 నుంచి తుపాకీమందు శాఖ, లాప్లాస్‌తో కలిసి మంచు కరిగించి వేడిని కొలిచే పరికరం, వ్యవసాయ ప్రయోగాలు, కొత్త కొలమానాల కమిటీ. విస్తృతి ఎక్కువైతే లోతు తగ్గుతుందనే వాదన ఇక్కడే పడిపోతుంది.

తక్కెడ:
ఒప్పుకున్నా. కానీ నీటితొట్టె గారి పనిముట్ల సిద్ధాంతం కూడా ఇక్కడే పడుతుంది. లవోసియే చేయించుకున్న గ్యాసోమీటర్లు (వాయువుని కొలిచే యంత్రాలు) పేద బోధకుడు కొనగలిగే సామానా? మెన్యే అనే పరికరాల పనివాడు చేసిన ఆ యంత్రాల ఖరీదు చూసి ఇంగ్లండ్ వాళ్లు ‘వీటిని మేం తిరిగి చేసి చూడలేం’ అని గొణిగారు. నికల్సన్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త అయితే లవోసియే అంకెల్లో దశాంశ స్థానాలు కొలత మోయగలిగినదానికన్నా ఎక్కువ ఉన్నాయని ఎత్తిచూపాడు.

నీటితొట్టె:
పడటం కాదు, నేను చెప్పినదే రుజువవుతోంది. సామాను అందరికీ ఒకటే ఉన్నన్నాళ్లు అందరూ అన్ని గదుల్లో తిరిగారు. ఒక్క పనికే పనికొచ్చే ఖరీదైన యంత్రం వచ్చాక ఆ గదికి తాళం పడింది.

లేడెన్‌జాడీ:
సామాను అన్ని గదుల్లో తిరగడానికి మంచి ఉదాహరణ నా పేరే: లేడెన్ జాడీ, అంటే విద్యుత్తు నిల్వచేసే సీసా. దాన్ని కనిపెట్టింది 1745లో క్లైస్ట్, 1746లో లేడెన్‌లో ముషెన్‌బ్రుక్. మొదట్లో నీళ్లు పోసిన సీసా, తర్వాత లోపలా బయటా తగరపు రేకు. పైనుంచి కొన్ని అంగుళాల గాజు రేకు లేకుండా వదలాలి, లేకపోతే మెరుపు అంచు మీదుగా దూకి ఖాళీ అయిపోతుంది. ఆ వదిలిన భాగానికి లక్క పూస్తారు, ఎందుకంటే గాజు మీద పట్టే తేమ పొర ద్వారా విద్యుత్తు జారిపోతుంది. వానాకాలంలో జాడీ పనిచేయకపోతే తప్పు జాడీది కాదు. గాజు పల్చగా ఉంటే ఎక్కువ నిల్వ ఉంటుంది, మరీ పల్చనైతే చిల్లు పడుతుంది.

నొలే అనే ఫ్రెంచి ఆయన 180 మంది సైనికుల్ని చేతులు పట్టుకుని నిలబెట్టి రాజు ముందు ఒక్కసారే ఎగిరేలా చేశాడు. అది వినోదం. అదే యంత్రంతో 1785లో కావెండిష్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త చేసింది చూడండి. వంచిన గాజు గొట్టంలో గాలి, రెండు కాళ్లూ పాదరసం గిన్నెల్లో, లోపల కాస్త క్షార ద్రావణం. రుద్దుడు యంత్రంతో మెరుపులు పంపుతూ, ఆక్సిజన్ చేరుస్తూ, నైట్రోజన్ అంతా ఆమ్లమై క్షారంలో కలిసేదాకా వారాల తరబడి తిప్పాడు. చివర్లో మిగిలిన ఆక్సిజన్‌ని కూడా పీల్పించేశాక చిన్న బుడగ ఒకటి మిగిలింది. నైట్రోజన్‌లో 120వ వంతు మించదని రాశాడు.

అది ఆర్గాన్, దేనితోనూ కలవని వాయువు. 1894లో రేలీ, రామ్‌సే పట్టుకునేదాకా ఆ బుడగ కాగితంలోనే ఉండిపోయింది. అసలు వాటా 85వ వంతు దగ్గర, కాబట్టి కావెండిష్ అంకె కాస్త తక్కువ. అయినా చేత్తో తిప్పిన యంత్రంతో! విద్యుత్తు యంత్రం, వాయువు తొట్టె ఒకే ఇంట్లో లేకపోతే ఈ ప్రయోగం పుట్టేదే కాదు.

సత్తిబాబు_సందేహం:
సరే, ‘వేలు పెట్టడం’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కావెండిష్ వరకే.

అరసున్న:
ఆయన సంతోషించడు లెండి. మనుషులతో మాట్లాడటమే ఇష్టం లేనివాడు.

పొడపాము:
అందరూ లండన్, ప్యారిస్ బల్లల చుట్టూనే తిరుగుతున్నారు. బల్లే లేనిచోట ఈ విస్తృతి ఎలా వచ్చిందో చూడాలంటే విశాఖపట్నం రండి. పాట్రిక్ రసెల్ వృత్తి వైద్యం. సిరియాలో అలెప్పోలో ప్లేగు చూశాడు, 1791లో దాని మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. 1780ల్లో విశాఖ వచ్చి మొక్కలు, పాములు, చేపలు మూడూ పట్టుకున్నాడు. పాముల పుస్తకం 1796లో, విశాఖ చేపలు రెండు వందల బొమ్మలతో 1803లో.

ఆయన ప్రశ్న మాత్రం వైద్యుడిదే: కరిచినవాటిలో విషం ఉన్నదేది, లేనిదేది? కోళ్ల మీదా కుక్కల మీదా కాటు వేయించి ఎంతసేపటికి ఏమవుతోందో రాశాడు. కోరల అమరిక చూసి విషం ఉన్నవాటిని విడదీశాడు. ఇందులో పొరపాటు జరిగే చోటు ఒకటుంది: పాము అంతకుముందే దేన్నైనా కరిచి ఉంటే తిత్తిలో విషం తక్కువ, కోడి బతికిపోతుంది, మీరు ‘విషం లేదు’ అని రాసుకుంటారు. అందుకే ఒక్క కాటుతో తేల్చకూడదు.

తెలుగువాళ్లకి ఇంకో ముచ్చట. పేర్లు స్థానికుల్ని అడిగి ఉన్నదున్నట్టు రోమన్ లిపిలో రాసుకున్నాడు. ‘కాటుకరేకుల పొడ’ అని రాసిన పామునే ఇప్పుడు ప్రపంచమంతా రసెల్ వైపర్ అంటోంది. ‘బంగారం పాము’ అని రాసినదాన్నుంచి కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది.

అరసున్న:
ఆగండి, బంగారస్ అంటే మన బంగారమేనా? నేను లాటిన్ అనుకుంటున్నా ఇన్నాళ్లూ.

పొడపాము:
మన బంగారమే. పసుపు, నలుపు పట్టీలున్న పాముని చూసి పెట్టిన పేరు. తోకకి లాటిన్ ‘అస్’ తగిలించారంతే.

కోరంగి:
దీనికి ముందూ వెనకా కూడా గోదావరి తీరంలోనే ఉన్నాయి. జీవులకి శాస్త్రీయ నామాల పద్ధతి పెట్టిన లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తమిళ తీరంలోని ట్రాంక్బార్ వచ్చాడు, 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయాడు. ఆయన తర్వాత ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడి పని రసెల్‌కి, ఆపైన రాక్స్‌బర్గ్‌కి వెళ్లింది. రాక్స్‌బర్గ్ కూడా వైద్యుడే. 1776లో మద్రాసు వచ్చి అక్కడ వాతావరణ దినచర్య రాశాడు: బారోమీటరు, థర్మామీటరు, గాలి దిక్కు. 1781 నుంచి సామర్లకోటలో మిరియాలు, నీలిమందు, కాఫీ, పట్టుపురుగులకి మల్బరీ. అక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించి లండన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు బ్యాంక్స్‌కి పంపితే, 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాలు, 300 బొమ్మలు వచ్చాయి.

బొమ్మలు ఎందుకంత ముఖ్యమంటే, మన తేమకి ఎండు మొక్కలు నిలవవు. కాగితాల మధ్య నొక్కిన మొక్కకి రోజూ కాగితం మార్చాలి, ఒక్కరోజు మర్చిపోతే బూజు. దళసరి ఆకులు, కలబంద లాంటివి నొక్కినా వారాల తరబడి పచ్చిగానే ఉంటాయి. పువ్వు రంగు ఎలాగూ పోతుంది. అందుకని తాజాగా ఉండగానే బొమ్మ, పక్కనే పువ్వు కోసి లోపలి భాగాల బొమ్మ, బొమ్మకీ వర్ణనకీ ఒకే నంబరు.

తక్కెడ:
మొక్కల మనిషికి బారోమీటరుతో పనేంటి అంటారా? ఏ పంట ఎక్కడ బతుకుతుందో చెప్పమని కంపెనీ అడుగుతోంది. వాన, వేడి తెలియకుండా చెప్పలేడు. ఇక్కడ విస్తృతి కుతూహలం వల్ల వచ్చింది కాదు, జీతం ఇచ్చేవాడి అవసరం. నీటితొట్టె గారూ, ఇది మీ సిద్ధాంతంలో ఎక్కడ పడుతుంది?

నీటితొట్టె:
పడదు. తీరంలో ఉన్నవాళ్లని ఉద్యోగం తిప్పింది, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లని సామాను తిప్పింది. రెండు కారణాలు అనుకోండి.

శుక్రగమనం:
మూడోది కూడా కలపండి: ఎదురుచూపు. ఫ్రెంచి ఖగోళవేత్త ల జాంటీల్ 1761 శుక్రగమనం (సూర్యుడి ముందు నుంచి శుక్రుడు దాటడం) చూడాలని 1760 మార్చిలో ఫ్రాన్స్ నుంచి బయల్దేరాడు, గమ్యం పాండిచ్చేరి. చేరేలోపు ఇంగ్లీషువాళ్లు దాన్ని పట్టుకున్నారు. జూన్ 6న నడిసముద్రంలో ఓడ మీద ఉన్నాడు. ఆకాశం నిర్మలం, శుక్రుడు కనబడ్డాడు, కానీ ఆ చూపు దేనికీ పనికిరాలేదు. లోలకం గడియారం ఊగే ఓడ మీద నడవదు, ఓడ ఉన్న రేఖాంశం తెలియదు. రెండూ లేకుండా సమయం రాస్తే అది అంకె కాదు.

తర్వాతిది 1769లో. ఎనిమిదేళ్లు ఇటే ఉండిపోయి గాలులు, సముద్రపు పోట్లు, దీవుల మొక్కలు, జనం అన్నీ రాసుకున్నాడు. తమిళ పంచాంగకర్తల గ్రహణ గణితం నేర్చుకుని పోల్చి చూశాడు: 1765 ఆగస్టు 30 చంద్రగ్రహణ కాలం వాళ్ల లెక్కలో 41 సెకన్లు తగ్గింది, యూరప్‌లో మేటి అనుకున్న మేయర్ పట్టికలతో 68 సెకన్లు పెరిగింది.

1769 జూన్ 4 తెల్లవారుజామున పాండిచ్చేరిలో మబ్బు. గమనం ముగిశాక ఎండ కాసింది. ముందు మనీలాలోనే ఉండి చూద్దామనుకున్నాడు, ఆ రోజు మనీలాలో ఆకాశం నిర్మలం.

అరసున్న:
ఇంటికెళ్లేసరికి ఆస్తి పంచుకునే పనిలో ఉన్నారు వారసులు, అకాడమీలో కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశారు. మన సీరియల్ వాళ్లు కూడా ఇంత దూరం వెళ్లరు.

సత్తిబాబు_సందేహం:
మబ్బు లేకపోతే మాత్రం అంత కచ్చితంగా వచ్చేదా?

శుక్రగమనం:
వచ్చినా తిప్పలే. శుక్రుడు సూర్యుడి అంచు దాటేచోట నల్లటి బొట్టులా సాగి అంచుకి అంటుకున్నట్టు కనబడుతుంది. ఏ క్షణంలో విడిపోయాడో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు కూడా ఒకే సెకను చెప్పలేరు. తాహితీ దీవిలో చూసిన నావికుడు కుక్, ఖగోళవేత్త గ్రీన్ ఇద్దరికీ తేడా వచ్చింది. పైగా 1769లో మన దగ్గర చివరి భాగమే కనబడుతుంది, తెల్లారేసరికి గమనం ముగింపుకొస్తుంది. మొత్తం కాలం కొలిచే హాలీ పద్ధతి కుదరదు. ఒక్క స్పర్శ చాలనే డెలీల్ పద్ధతి వాడాలి, దానికి ఆ ఊరి రేఖాంశం కచ్చితంగా కావాలి. అందుకే గ్రహం చూడ్డానికి వచ్చినవాడు నెలల తరబడి గురుగ్రహం చందమామల గ్రహణాలు చూస్తూ రేఖాంశం కట్టాలి. ఖగోళం కోసం వచ్చినవాడు భూగోళం మనిషి అయ్యేది అలాగే.

కోరంగి:
మద్రాసు అబ్జర్వేటరీ (1792) కట్టిన టాపింగ్ కూడా అంతే. నక్షత్రాలు రాత్రికి, తీరం సర్వే పగటికి, మధ్యలో గోదావరి, కృష్ణ నీటి పథకాలు. 1796లో మచిలీపట్నంలో పోయాడు. పరికరం పెట్టిన రాతి స్తంభం మీద తెలుగులో కూడా శాసనం చెక్కించారు.

సత్తిబాబు_సందేహం:
ఇవన్నీ సరే. ప్రీస్ట్లీ సోడానీళ్లు ఇంట్లో చేయొచ్చా? సుద్ద, ఆమ్లం అని చదివాను.

నీటితొట్టె:
ఆయన పద్ధతి: సీసాలో సుద్దపొడి, నీళ్లు, కాస్త గంధకామ్లం. వాయువు ముందు ఒక తిత్తిలోకి, అక్కడి నుంచి గొట్టం ద్వారా నీళ్లలో బోర్లించిన నీళ్ల సీసాలోకి. సగం నీళ్లు దిగాక గట్టిగా ఆడించాలి. నీళ్లు ఇంచుమించు తమంత పరిమాణం వాయువుని పీల్చుకుంటాయి, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. సుద్ద గడ్డలుగా వేస్తే మీద జిప్సం పొర కట్టి బుడగలు ఆగిపోతాయి, అందుకే పొడి, అందుకే ఆడించడం. తిత్తి ఉన్నది వాయువు నిలవకే కాదు, ఆమ్లం తుంపర్లు నీళ్లలోకి రాకుండా కూడా.

గంధకామ్లం ఇంట్లో వద్దు. వంటసోడా 8.4 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 6.4 గ్రాములు, కాస్త నీళ్లు. దాదాపు 2.4 లీటర్ల వాయువు వస్తుంది, రెండు లీటర్ల చల్లని నీళ్లకి సరిపడా. బిరడా బిగించిన గాజు సీసాలో కలపకండి, పేలుతుంది.

సత్తిబాబు_సందేహం:
తిత్తి అంటే దేనిది?

తక్కెడ:
పంది మూత్రాశయం. నూత్ అనే డాక్టరు ‘మీ సోడాలో ఆ వాసన వస్తోంది’ అని ఫిర్యాదు చేసి, మొత్తం గాజుతోనే వేరే పరికరం తయారుచేశాడు.

సత్తిబాబు_సందేహం:
బెలూన్ వాడతా.

అరసున్న:
రబ్బరు వాసన వస్తుంది. నూత్ మళ్లీ ఉత్తరం రాస్తాడు.